తమ్ముడికి లీవు లెటర్

నాగపూర్,
19 జనవరి 2025.

అక్కా,

ముందు క్షేమం రాసి ఆ తర్వాతే మిగతా సంగతులు రాయాలని నాన్న నేర్పారు కాబట్టి రాస్తున్నాను. బాగానే ఉన్నాను, కుడి మోకాలు ఒక్కటే నా మాట వినడం లేదు. నీకు ఫోన్ చేస్తే నువ్వు చెప్పాలనుకున్నది చెప్పేసి పెట్టేస్తున్నావు. నేనన్నది ఒక్క ముక్కా నీ చెవిన పడటం లేదు. వాట్సాప్‌లో రాయమంది మేనకోడలు అనూష. నువ్వేమో ఆ అక్షరాలు నిలవవు, పైకి జారిపోతాయన్నావట. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొనుక్కొచ్చాను. కౌంటర్లో అమ్మాయి నన్ను వింతగా చూసింది.

ఇంగ్లీషు మాటలు ఎక్కణ్నుంచి వచ్చాయో మన పిల్లలకి చెప్పే చిన్న పుస్తకం రాస్తున్నానని చెప్పానుగా. నలభై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ని, రిటైరయ్యాక వేరే పని చేతకాదు. ఇప్పుడు అనుమతి దగ్గరికొచ్చాను. దానికి వాళ్ల దగ్గర చాలా మాటలున్నాయి. పర్మిట్ అంటే మొదట్లో ఒకదాని గుండా పోనివ్వడం, అంటే గేటు తీసి వదలడమే. అది లాటిన్ నుంచి తెచ్చుకున్నారు. లైసెన్సూ అంతే. లీవ్ మాత్రం వాళ్ల ఇంటి మాట, బాగా పాతది. దాని పుట్టుక ఇంకా తవ్వుతున్నాను. మనవాళ్లు పెద్దల దగ్గర అనుమతి అడగాలంటే ఏమనేవారో నీకు గుర్తుంటే రాయి.

నీ మరదలు పోయాక ఇంట్లో తెలుగు మాట లేదు. కూరగాయలవాడితో హిందీ, పక్కింటాయనతో మరాఠీ. మొన్న అన్నం మాడితే నాలో నేనే తెలుగులో తిట్టుకున్నాను, నా గొంతే నాకు కొత్తగా వినిపించింది.

ఈ ఇంటివాళ్లు కొడుక్కి పెళ్లి చేసి ఈ వాటాలో కాపురం పెట్టిస్తారట. మే ఆఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. చూడాలి. అవునూ, మన మేడ మీద గదిలో ఇప్పుడెవరుంటున్నారు? తోట పని ఎవరు చూస్తున్నారు? బావి దగ్గరి చిన్నరసం మామిడి చెట్టు పూసిందా?

నీ తమ్ముడు,
మురళి.


రెడ్డిగూడెం,
6 ఫిబ్రవరి 2025.

మురళీ,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు నువ్వు పదో తరగతిలో రాసినట్టే ఉన్నాయి, ఒక్కటీ గీత మీద నిలబడలేదు. మోకాలికి నువ్వుల నూనె రాసుకో. ఆ మెట్లు ఎక్కడం దిగడం తగ్గించు.

నా సంగతి అడగలేదు గానీ రాస్తాను. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి మాట పట్టుకుంటున్నాను. అలా నిలబడే ఓపిక ఎవరికుంటుంది? కోయిల వచ్చిందని ఎదురింటావిడ చేత్తో చూపిస్తే తెలిసింది. మోటారు ఆడుతోందో లేదో పైపు మీద చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. ఇంట్లో గిన్నె పడినా ఉలికిపడను కాబట్టి ఆ మేరకు సుఖమే.

తోట ఈసారి నావల్ల కాలేదు. మీ బావగారు ఉన్నన్నాళ్లూ కాపు ముందే అమ్ముకోవడం పరువు తక్కువ అనేవారు. దగ్గరుండి కోయించి, దగ్గరుండి లారీ ఎక్కించేవారు. నేను పూత మీదే యలమందకి ఇచ్చేశాను. వాళ్ల నాన్న మన తోటలో పాదులు చేసేవాడు, గుర్తుందా? ఇప్పుడు యలమంద విస్సన్నపేట దాకా తోటలు తీసుకుంటున్నాడు. కోతలయ్యేదాకా చెట్టు నాది, కాయ అతనిది. కాపలాకి పాక కూడా వేసేశాడు. బావి దగ్గరి చెట్టు విరగబూసింది.

మేడ మీద గదిలో ఎవరూ లేరు, పాత క్రేట్లు పడేశాం. నువ్వు గదీ తోటా ఎందుకడిగావా అని అనూష అంటోంది. నాన్న పంచినప్పటి కాగితాలన్నీ దాని దగ్గర భద్రంగానే ఉన్నాయి.

లీవ్ అంటే నవ్వొచ్చింది. నీ లీవు లెటర్లన్నీ రాసింది నేనే కదరా. ‘యాజ్ మై సన్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలుపెట్టి, కింద నాన్న సంతకం పెట్టేదాన్ని. నువ్వేమో చెరువుగట్టున క్రికెట్ ఆడేవాడివి. ఒకసారి శ్రీమన్నారాయణ మాస్టారు నన్ను పిలిచి, "ఏమ్మా, మీ తమ్ముడికి జ్వరం తప్ప ఇంకేం రాదా?" అన్నారు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అని రాయకపోతే మాత్రం ఆయన లెటరు వెనక్కి ఇచ్చేసేవారు.

మనవాళ్లు సెలవు అనేవారు. నాన్న ఎవరింటికి వెళ్లినా లేచేటప్పుడు, "ఇక సెలవిప్పించండి" అనేవారు. వాళ్లు ఇంకాసేపు కూర్చోమంటే కూర్చునేవారు.

ఆశీస్సులతో,
అక్క.


నాగపూర్,
2 మార్చి 2025.

అక్కా,

కాగితాల ఊసు ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. గది ఖాళీగా ఉందా అని మాత్రమే అడిగాను. పోనీలే, అనూష చిన్నపిల్ల.

లీవ్ సంగతి తేలింది. అది నిజానికి రెండు మాటలట. అక్షరాలు ఒకటే గానీ అవి వేరువేరు ఇళ్లలో పుట్టాయి. అనుమతి అనే లీవ్ ఉంది చూశావా, అదీ లవ్ అనే మాటా ఒకే వేరు నుంచి వచ్చాయి. మనసుకి ఇష్టమై ‘సరే’ అనడం దాని మొదటి అర్థం. ఇష్టం లేకుండా ఇచ్చేది లీవ్ కాదన్నమాట. వెళ్లిపోవడం అనే రెండో లీవ్‌కి మొదట్లో వెళ్లడం అనే అర్థమే లేదు. ఉన్నదాన్ని ఉన్నచోటే ఉండనివ్వడం అని అర్థం. వదిలిన మనిషి తన దారిన తాను పోయాడు కాబట్టి, రానురాను మాట అతని వెంట పోయింది. ఇది చదివి ఒక పూట వేరే పని చేయలేకపోయాను. నీ మరదలు పోయిన దగ్గర్నుంచీ నేను ఉండనిచ్చిన సామాన్లు చుట్టూ ఉన్నాయి మరి. దాని చెప్పులు ఇప్పటికీ తలుపు దగ్గరే ఉన్నాయి.

నాకు లీవ్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, అడ్డుకునేవాళ్లూ లేరు. పొద్దున బయటికెళ్లి రాత్రి దాకా రాకపోయినా ఎక్కడికెళ్లావని అడిగే మనిషి లేదు. ఇదంతా నీకు రాయడం దేనికో.

ఏటా మేలో నీ చిన్నరసాల పెట్టె వస్తుంది. నీ మరదలు పోయిన ఏడు కూడా పంపావు. పంపుతున్నానని ముందు ఎప్పుడూ చెప్పవు, లారీ ఆఫీసు నుంచి ఫోనొస్తే తెలుస్తుంది నా అక్క నన్ను మర్చిపోలేదని. ఈసారి ఆ పెట్టె వచ్చాక నిన్నొక సంగతి అడగాలి. ఇప్పుడు అడగడానికి నోరు రావడం లేదు.

మురళి.


రెడ్డిగూడెం,
11 ఏప్రిల్ 2025.

మురళీ,

జవాబు ఆలస్యమైంది. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు.

ఏదో అడగాలన్నావు. నోరు రావడం లేదన్నావు. అక్క దగ్గర నోరు రాని సంగతి ఏముంటుందని రెండు వారాలు ఆలోచించాను. నాన్న బందరులో ఇల్లు నీకూ, ఈ తోట నాకూ రాశారు. ఆ ఇల్లు అమ్ముకోవడం నీ ఇష్టం, నేనేమీ అనలేదు. తోటలో నీకూ భాగం ఉండాలనిపిస్తే సూటిగా అడుగు. నలుగురిలో కూర్చుని మాట్లాడుకుందాం. ఇంగ్లీషు మాటల చుట్టూ తిప్పొద్దు, నాకంత చదువు లేదు.

ఈ ఏడు కాయలు పంపడం కుదరదు. కాపు పలచగా ఉంది.

కోతలు మొదలయ్యాయి. రోజూ మన గేటులోంచి లారీలు పోతున్నాయి. వరండాలో కూర్చుని చూస్తున్నాను. చప్పుడు లేకుండా లారీలు పోతుంటే ఏదోలా ఉంటుంది. ఎండలు బాగా ఉన్నాయి, నువ్వు గొడుగు లేకుండా తిరక్కు.

అక్క.


నాగపూర్,
18 మే 2025.

అక్కా,

కాపు పలచగా ఉందని రాశావు, ఆ కిందే రోజూ లారీలు పోతున్నాయనీ రాశావు. అబద్ధం రాయడం నీకు ఒక్క జ్వరం దగ్గరే వచ్చు. అయినా ఈ నెల ఇవాళ్టిదాకా చూశాను. లారీ ఆఫీసు నుంచి ఫోను రాలేదు.

నీ తోట నాకెందుకు? నాకు భాగం వద్దు. నేను అడగాలనుకున్నది మేడ మీద గది. ఇల్లు ఖాళీ చేశాక వచ్చి నీ దగ్గర ఉండనా అని అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వు కాదనలేవు, తర్వాత జీవితాంతం మోస్తావు. అందుకని పెట్టె వస్తే అడుగుదాం, నీ మనసులో నేనున్నానని తెలుసుకుని అడుగుదాం అనుకున్నాను. పిచ్చి ఆలోచనే. గది నిండా క్రేట్లున్నాయని మొదటే రాశావు, అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. నీ మీద కోపం లేదక్కా. బాధగా మాత్రం ఉంది, లేదని ఎందుకు రాయాలి?

జూన్ ఒకటిన వార్ధా రోడ్డులో ఒక పెద్దవాళ్ల నివాసంలో చేరుతున్నాను. అడ్రసు వెనక రాశాను. శుభ్రంగా ఉంది, చపాతీలు మెత్తగా చేస్తారు. ఒకటే చిత్రం. మన ఇష్టమొచ్చినప్పుడు గేటు దాటడానికి లేదు. ఒక రాత్రి బయట ఉండాలన్నా, పంపమని బంధువులెవరైనా ఉత్తరం రాయాలి. దాన్ని లీవు లెటరు అనే అంటున్నారు. నాకు ఆ బెంగ లేదు, రాసేవాళ్లు లేరు కాబట్టి.

నీ మరదలి చెప్పులు ఎవరికివ్వాలో తెలియక సంచిలో పెట్టుకున్నాను.

మురళి.


రెడ్డిగూడెం,
27 మే 2025.

ఒరే మురళీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గేటు దగ్గరే నిలబడి చదివాను. పోస్టుమ్యాన్ ఏమైందమ్మా అని అడుగుతున్నాడని అతని పెదాలు చూస్తే తెలిసింది.

పెట్టె ఎందుకు రాలేదో విను. కాపు పూత మీద అమ్మేవాళ్లు బేరం రోజునే, ఇంటికి ఇన్ని కాయలు విడిచిపెట్టాలని చెప్పుకుంటారట. అందరూ చెప్పుకుంటారట. మనింట్లో ఎప్పుడూ అలా అమ్మలేదు కదా, నాకేం తెలుసు? చెప్పకుండా తలూపేశాను. ఆ తర్వాత తెలిసింది, నా చెట్టు నుంచి కాయ కోయాలంటే యలమందని అడగాలని. వాళ్ల నాన్న మన వాకిట్లో నిలబడి కూలి తీసుకున్నవాడు. అతని కొడుకు దగ్గరికి వెళ్లి, బాబూ మా తమ్ముడికి నాలుగు కాయలియ్యి అని ఎలా అడగను? నా చెట్టు కాయ నేను బజారులో కొని పంపనా? అదీ చేయలేకపోయాను. అందుకని కాపు పలచన అని రాశాను. నాలుగు కాయలు అడగలేక నిన్ను ఎక్కడికి పంపేశానో చూడు.

నిన్న నీ ఉత్తరం చదివి, అదే చీరతో యలమంద పాక దగ్గరికి వెళ్లాను. కలెక్టర్ మామిడి కాయలు లోడు చేయిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. "యలమందా, బావి దగ్గరి చెట్టు కాయలు మా తమ్ముడికి పంపాలి. నువ్వు సరేనంటే కోస్తాను" అన్నాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా అన్నానో ఏమో, కూలీలంతా తిరిగి చూశారు.

అతను నా ఎదురుగా వచ్చి, నాకు తెలిసేలా నెమ్మదిగా అన్నాడు. "ఆ చెట్టు నేను ముట్టుకోలేదండీ అమ్మగారూ. ఏటా మురళిగారికి వెళ్లేది ఆ కాయేనని నాకు తెలుసు. అడుగుతారని చూస్తా ఉన్నాను."

"మరి నువ్వే ఇవ్వొచ్చుగా?" అన్నాను.

"మీ చెట్టు కాయలు మీకు నేను ఇస్తే ఏం బాగుంటుందండీ? దానం చేసినట్టుంటది. మీరు ఏమనుకుంటారోనని ఆగిపోయాను."

వెళ్లి చూశాను. తోటంతా బోసిగా ఉంటే ఆ ఒక్క చెట్టూ కొమ్మలు వంగిపోయి ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను. అతను అటు తిరిగి నిలబడ్డాడు.

యలమంద లోడు ఇవాళ విస్సన్నపేట మీదుగా నాగపూర్ వస్తోంది. అందులో నీ పెట్టె పెట్టించాను. కాయలు పచ్చివే, గడ్డిలో నేనే పేర్చాను. ఈ ఉత్తరం పైన పెట్టాను. క్రేట్లు తీయించి మేడ మీద గది కడిగించాను. మోకాలికి మెట్లు కష్టమంటే కింద నా పక్కగది ఉంది. అనూషకి రాసేశాను, మామయ్య గురించి ఇంకొక్క మాట అంటే ఊరుకోనని.

మురళీ, వచ్చెయ్.

అక్క.


నాగపూర్, వార్ధా రోడ్డు,
8 జూన్ 2025.

అక్కా,

పెట్టె అందింది. గది నిండా మన తోట వాసన. మా అంతస్తులో అందరికీ పంచాను. ఒకాయన రసం పండుకి కత్తి అడిగాడు. చేత్తో మెత్తగా పిసికి ముచ్చిక తీసి జుర్రుకోవాలని చూపించాను. మొదటి పండుకే చొక్కా పాడుచేసుకున్నాడు. చాలా రోజుల తర్వాత నలుగురిలో నవ్వాను. నా పండు మాత్రం తలుపేసుకుని ఒక్కణ్నే తిన్నాను.

వచ్చెయ్ అన్నావు. ఆ మాట చాలాసార్లు చదువుకున్నాను. అయినా ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నా ఉత్తరం చూసి జాలేసి రాశావా? యలమంద ఎందుకు ఆగాడో నాకు బాగా అర్థమైంది. అడగకుండా ఇస్తే దానంలా ఉంటుందని అతను భయపడ్డాడు. నాకేమో అడిగి తీసుకుంటే దానంలా ఉంటుందని భయం. నా కోసం నువ్వు గది కడిగించడం కాదు, నేను లేకపోతే నీకు వెలితిగా ఉంటుందా అనేది నాకు తెలియాలి. లేదంటే ఇక్కడ బాగానే ఉంది. కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తుంది.

మేనేజరుని ఊరికే అడిగి చూశాను. నియమం నియమమే అన్నాడు. బంధువు ఉత్తరం కావాలి. కారణం రాయాలి, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అని రాయాలి. శ్రీమన్నారాయణ మాస్టారు ఇక్కడ మళ్లీ పుట్టారేమో.

నీకు వీలు చూసుకుని, నిజంగా అనిపిస్తేనే రాయి. వారమో పది రోజులో వచ్చి చూసిపోతాను.

నీ తమ్ముడు,
మురళి.


రెడ్డిగూడెం,
16 జూన్ 2025.

మురళీ,

కిందిది మీ మేనేజరుగారికి. ఆయనకి తెలుగు రాదు, నాకు జ్వరం దాటి ఇంగ్లీషు రాదు. ఒక్కో ముక్కా నువ్వే ఇంగ్లీషులోకి మార్చి, గట్టిగా చదివి వినిపించు. మధ్యలో ఏదీ మింగొద్దు.

అయ్యా,

నమస్కారం. నా పేరు తులసమ్మ. మీ దగ్గరున్న మురళీకృష్ణ నా తమ్ముడు. చిన్నప్పుడు వాడి కోసం ఇలాంటి ఉత్తరాలు చాలా రాశాను. అన్నిటిలోనూ వాడికి జ్వరమని రాశాను. ఇప్పుడు వాడికి జ్వరం లేదు, మీ దగ్గర వాడికి ఏ లోటూ లేదని కూడా రాశాడు. కాబట్టి ఇందులో కారణం వాడిది కాదు, నాది.

నాకు చెవులు వినపడవు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి తెలుసుకుంటాను. అలా కూర్చునే మనిషి నాకు లేడు. పొద్దున కాఫీ కలిపి రెండో గ్లాసు తీస్తాను, మళ్లీ లోపల పెట్టేస్తాను. మా ఆయన పోయిన నాలుగేళ్లుగా ఇదే పని. తలుపు ఎవరైనా కొడుతున్నారేమోనని లేచి వెళ్లి తీసి చూస్తుంటాను, ఎవరూ ఉండరు. వాడు వస్తే నాకు ఏ పనీ చేసిపెట్టక్కర్లేదు, ఇంగ్లీషు మాటల పుట్టుకలు చెప్పినా చాలు. ఎదురుగా కూర్చుంటే చాలు.

వాడు అడిగాడని నేను చోటు ఇవ్వడం లేదు. నేనే అడుగుతున్నాను, మిమ్మల్నీ, వాణ్నీ. నా చెట్టు కాయ కోసం ఇంకొకరిని అడగడం మొన్ననే నేర్చుకున్నాను. ఇది అంతకన్నా కష్టంగా ఉంది.

కాబట్టి మా తమ్ముడికి ఈ జూన్ ఇరవై అయిదు నుంచి దయచేసి లీవు ఇప్పించండి. విస్సన్నపేటలో బస్సు దిగేసరికి నేను అక్కడ ఉంటాను. వాళ్ల ఆవిడ చెప్పులు సంచిలో ఉంటాయి, అవి మర్చిపోకుండా చూడండి. వాటికి మా గుమ్మం దగ్గర చోటుంది.

ఏ రోజు దాకా అని కూడా రాయాలని మా తమ్ముడు చెప్పాడు. ఆ చోట ఏమీ రాయలేదు. అందుకని లెటరు వెనక్కి పంపకండి.

ఇట్లు,
తులసమ్మ,
మురళీకృష్ణ అక్క.